గుడి లేని కొండకును పోవుదము

మన తెలుగునాట కొండ యెక్కని స్త్రీ యరుదు. తిరుమల, సింహాచలము, అన్నవరము, శ్రీశైలము, యాదగిరి యని మన దేవుళ్లు చాలమంది కొండలమీదనే వెలసినారు. మ్రొక్కుబడి యున్నదన్న అరువదియేండ్ల ముదుసలి సైతము మెట్టు మెట్టునకును పసుపు కుంకుమ పెట్టుచు ఎక్కిపోవును. మోకాళ్ల నొప్పియని యింట మూల్గునట్టి యామెయే యానాడు మనకంటె ముందు నడచును. కాని, మేడమీదనుండి ప్రతిదినమును కనబడు మామూలు కొండకు, గుడియు గోపురమును లేని కొండకు, ఒక ఉదయమున పోయి వత్తమనిన ఇల్లంతయు ఆశ్చర్యపడును. మేము మొదటిమారు అట్లు బయలుదేఱినప్పుడు బంధువులలో పెద్దావిడ యొకరు, "దేవుడు లేని కొండకు పోయి యేమి చేయుదురమ్మా?" యని అడిగినారు. అందు వెక్కిరింపు లేదు, నిజమైన సందేహమే. దానికి సమాధానముగనే యీ నాలుగు మాటలును వ్రాయుచున్నాము.

మాది గాజువాక. ఉక్కు కర్మాగారమునకును ఓడరేవునకును నడుమ పెరిగిన యూరు. కర్మాగారమునకు 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగినది. 2005లో మా యూరు విశాఖ మహానగరములో కలిసినది. తెల్లవారకమునుపే లారీల రొద, కిటికీ చువ్వలమీద నల్లని ధూళి, వీధిలో నిలుచుటకైన చోటు లేని సందడి, ఇవి మాకు నిత్యములు. అయినను మేడమీద వడియములు పెట్టబోయి తల యెత్తినంతనే ఆగ్నేయమున యారాడకొండల వరుసయు, ఉత్తరమున సింహాచలపు కొండల వరుసయు కనబడును. ఇవి తూర్పు కనుమలు సముద్రమువైపునకు చాచిన చేతులు. పచ్చని మలెనాడు కాదు. సంవత్సరములో సగము దినములు ఎండిన గడ్డియు, తంగేడును, రేగుకంపయు, ఈతచెట్లును, అక్కడక్కడ జీడిమామిడియు ఉన్న పొడికొండలు. వీనిలో విశేషముగా కనబడు రాతికి భూగర్భ శాస్త్రజ్ఞులు ఖొండలైటు అని పేరు పెట్టినారు. కనుమలలో నివసించు ఖోండు జాతివారి పేరే దానికి వచ్చినది. ఆ రాయి ఎండకును వానకును చివికి ఎఱ్ఱని పొడిగులకయై కాలిక్రింద జాఱుచుండును. ఈ సంగతి నడచువారికి మిక్కిలి అవసరము.

ఈ కాలమున మన యిండ్లలో సెలవులకు దూరదేశములు పోవుట వాడుకయైనది. లడఖునందలి లేహ్ పట్టణమునకు విమానముమీద పోయి వచ్చిన కుటుంబములు మా వీధిలోనే కలవు. అది సముద్రమట్టమునకు సుమారు 3500 మీటర్ల ఎత్తున నున్న చలియెడారి. పచ్చని చెట్టు కొఱవడిన ఆ కొండలచుట్టు నడచుటకు లోకము నలుమూలలనుండియు జనులు వత్తురు. అచట గాలి పలుచన; దిగినవారు మొదటి రెండు దినములు కదలక విశ్రమించి, దేహమును ఆ యెత్తునకు అలవరచుకొనవలయును. పోవలదని మేమనము. కాని వేల రూపాయలు వెచ్చించి అంత యెత్తు కొండలను కిటికీలోనుండి చూచి వచ్చిన యిల్లాలు, తన యింటికి గంటప్రయాణములో నున్న కొండను పాదముతో తాకకుండుట మాత్రము విచారింపదగినది.

నడక మనకు క్రొత్తదా? పురాణములు చదివినవారికి ఈ ప్రశ్నయే అక్కఱలేదు. సీత చిత్రకూటమునకు పల్లకిలో పోలేదు. దమయంతి నడిరాత్రి విడువబడి, ఘోరారణ్యమున దారి అడుగుచు నడచినది. సావిత్రి యమునంతటివానిని అడుగులతోడనే వెంబడించినది. చరిత్రలోనికి వచ్చిన, 18వ శతాబ్దియందు పుట్టిన తరిగొండ వెంగమాంబ తిరుమల కొండలలోని తుంబురుకోనయందు ఏకాంతముగా తపస్సు చేసిన విదుషి. ఇక మన కన్నులయెదుటి కాలమున, నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరమును ఎక్కినది. ఆ బాలిక మొదట రాయి పట్టి ఎక్కుట నేర్చినది హిమాలయములలో కాదు. మన భువనగిరి కొండమీద. దగ్గఱి కొండ చిన్నదని అనుకొనువారు దీనిని తలంపవలయును.

ఇక మా ప్రాంతపు దారులను గూర్చి చెప్పెదము. మొదట గుడి యున్న కొండతోడనే మొదలుపెట్టుట మంచిది. ఏలయన ఇంటివారు అభ్యంతరము చెప్పరు. సింహాచల క్షేత్రము సముద్రమట్టమునకు సుమారు 300 మీటర్ల ఎత్తుననున్నది. కులోత్తుంగ చోళుని కాలపు 11వ శతాబ్ది శాసనము అందు కలదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో వచ్చి స్వామిని సేవించినాడు. నేడు బస్సులును కార్లును ఘాటురోడ్డున పైవఱకు పోవుచున్నవి. కాని క్రింద అడవివరమువైపు నుండి వేయికి పైబడిన మెట్లదారి కలదు. కొండకు రెండవవైపున మాధవధారనుండి ఇంకొక పాతదారి కొండదాటి పోవును. ఆ దారి నేడు మెట్లదారి యంత సందడిగా నుండదు. చెట్ల నీడయు, ఊటనీటి చప్పుడును, వెనుకకు తిరిగి చూచిన నగరమంతయు పఱచిన చాపవలె కనబడుటయు దానియందలి విశేషములు. మొదటిమారు పోవువారు మెట్లదారిని ఎక్కి, అలవాటైన పిదప నలుగురు కలిసి మాధవధార దారిని చూడవలయును.

ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు జరుగు గిరిప్రదక్షిణమును ఎఱుగనివారు మా జిల్లాలో లేరు. తొలిపావంచా యొద్ద కొబ్బరికాయ కొట్టి బయలుదేఱి, కొండల వరుసను చుట్టి, నడుమ సముద్రస్నానము చేసి, మాధవధార మీదుగా మరల తొలిపావంచా చేరునప్పటికి 32 కిలోమీటర్లు. లక్షలాది జనులు రాత్రియంతయు నడతురు. అందు స్త్రీలెందఱు! చంటిబిడ్డను చంకనెత్తికొన్నవారు, కూలిపని ముగించుకొని నేరుగా వచ్చినవారు, అత్తాకోడండ్రు చేయి చేయి పట్టుకొన్నవారు. ఈ నడక నేడు చాలవఱకు నగరపు తారురోడ్లమీదనే సాగుచున్నది. అయినను ఇది చూచినవారెవ్వరును "ఆడవారు దూరము నడువలేరు" అని అనజాలరు. ఏడాదికొక రాత్రి 32 కిలోమీటర్లు నడువగల పాదములు తక్కిన దినములలో వంటయింటికిని వీధిగుమ్మమునకును నడుమనే తిరుగుచుండుట యెందువలన? బలము లేక కాదు. నడచుటకు ఒక కారణము చూపవలసి యుండుటచేత. పురుషుడు ఊరక నడచి వచ్చును. స్త్రీ మాత్రము పాలకొఱకో, కూరలకొఱకో, దేవునికొఱకో నడువవలయును. తన ఊపిరికొఱకు నడచితిననిన అది కారణముగా ఎన్నబడదు. మేము మార్పదలచినది ఈ యొక్క సంగతినే.

ఇప్పుడు యారాడకు పోవుదము. గాజువాకనుండి మల్కాపురము, సింధియాల మీదుగా పోయిన, కొండమీదుగా యారాడ గ్రామమునకు దాటు రోడ్డు దొరకును. ఈ కొండ సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కొననే ఆంగ్లేయులు డాల్ఫిన్‌ముక్కు అన్నారు. ఓడరేవునకు దక్షిణమున గోడవలె నిలిచి అలలను ఆపుచున్నది ఈ కొండయే. 1933 అక్టోబరు 7న రేవు తెఱవబడుటకు ప్రకృతి ముందుగనే ఇట్లు సాయము చేసి యుంచినది. దారి పైకెక్కినకొలది ఒకవైపు రేవులోని ఓడలును ఇంకొకవైపు విశాలమైన సముద్రమును కనబడును. మేము చూచుచుండగా మా వెంట వచ్చిన యొక యిల్లాలు, ఇరువదియేండ్లుగా ఈ యూరిలో కాపురమున్నను తన భర్త పనిచేయు చోటిని పైనుండి చూచుట అదే మొదటిసారి యని చెప్పినది. ఈ కొండయందు నావికాదళమువారి స్థలములు కలవు. నిషేధపు పలక యున్నచోట అడుగు పెట్టరాదు, ఛాయాచిత్రములు తీయరాదు. యారాడ తీరమున ఇసుక ఎంత మనోహరముగా నున్నను అలలు మోసకరములు. పాదములు తడుపుకొనుట చాలును, స్నానమునకు దిగరాదు.

భీమునిపట్టణమువైపు పోయిన ఇంకొక రకపు కొండలు. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ. ఇవి రెండువేలయేండ్లకు పూర్వము బౌద్ధ భిక్షువులు నివసించిన చోటులు. తొట్లకొండ నగరమునకు సుమారు 16 కిలోమీటర్ల దూరమున, మంగమారిపేటయొద్ద, 128 మీటర్ల ఎత్తుననున్నది. 1976లో నావికాదళమువారు విమానమునుండి కొలతలు తీయుచుండగా ఇచటి శిథిలములు బయటపడెను; పిదప త్రవ్వకములు జరిగెను. రాతిలో తొలిచిన నీటితొట్లచేత తొట్లకొండ. రాతిలో తొలిచిన బావులచేత బావికొండ. ఈ పేళ్లను పెట్టినవారు పండితులు కారు, పశువులు కాచుకొను పల్లెజనులు. కొండమీద వాన కురిసిన నీరు జాఱిపోకుండ రాతిగుంటలలో నిలిపి, ఏడాది పొడుగున వందలాది జనులు త్రాగిన ఏర్పాటును చూచినప్పుడు, గుక్కెడు నీటికొఱకు కుళాయియొద్ద వేచియుండు గృహిణికి కలుగు భావము వేరు. మా వైపునుండి అనకాపల్లి దారిని పోయిన శంకరము గ్రామముచెంత బొజ్జన్నకొండ కలదు. సంఘారామము శంకరమైనది, బుద్ధుని కొండ బొజ్జన్నకొండ యైనది. 1906లో అలెగ్జాండరు రీ యను పురాతత్త్వజ్ఞుడు ఇచట త్రవ్వించినాడు. రాతిలో తొలిచిన గుహలును స్తూపములును చిన్న మెట్లదారి చివరనే యుండుటచేత పిల్లలతో పోవుటకు ఇది అనుకూలము.

భీమునిపట్టణపు దారిలోనే ఎఱ్ఱమట్టి దిబ్బలు కలవు. ఎడారి చూడవలెనను కోరిక కలవారు రాజపుతానా పోనక్కఱలేదు. సముద్రముయొక్క హెచ్చుతగ్గులును గాలియు కలిసి వేలాది యేండ్లు పోగుచేసిన ఎఱ్ఱని యిసుకను వాననీరు కోసి కోసి లోతైన సందులుగా మలచినది. ఆ సందులలో నడచునప్పుడు ఇరుప్రక్కల ఎఱ్ఱని గోడలు, తలపైన ఆకాశపు చీలిక. భారత భూగర్భ శాస్త్రశాఖవారు దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించినారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక పట్టికయందును చేర్చబడినది. కాని యిసుక మెత్తనిది. గోడలపైకి ఎక్కిన ప్రతివాని పాదమును దానిని కొంత కూల్చును. సందుల అడుగుననే నడచుట, పిల్లలను గోడలను త్రవ్వనీయకుండుట మన ధర్మము.

అడవిని చూడగోరువారికి కంబాలకొండ. 1970లో దీనిని వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించినారు. సుమారు 71 చదరపు కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరపు కొండలమీది వృక్షములను వేలకొలది కూల్చినది. ఆ తరువాత కొంతకాలము కొండలన్నియు గుండు చేయించుకొన్నట్లు కనబడినవి. మరల చిగిర్చిన అడవిలో నడచుట ఓదార్పుగా నుండును. అటవీశాఖవారి ప్రవేశపు రుసుము చెల్లించి, వారు చూపిన దారినే పోవలయును. ఇచట చిఱుతపులులు కలవు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి మెట్లదారిలో ఒక చిన్నబాలిక చిఱుతకు బలియైన దుఃఖవార్తను మనము మఱువరాదు. అడవిదారిలో పిల్లలను ముందునకు పరుగెత్తనీయక పెద్దల నడుమ నడిపింపవలయును. తెల్లవారకముందును ప్రొద్దుక్రుంకిన పిదపను పోనేరాదు.

ఇంకను ఎత్తునకు పోయిన అనంతగిరి, అరకు. అరకులోయ సుమారు 900 మీటర్ల ఎత్తుననున్నది. అచటి దారులను గూర్చి ఒక మాట వేరుగా చెప్పవలయును. మనము వేడుకకు నడచు ఆ బాటలమీదనే గిరిజన స్త్రీలు సంతకు బరువు మోయుచు నడతురు. మోకాలి దిగువవఱకు బిగించి, భుజముమీద ముడివేసిన వారి చీరకట్టు కొండ యెక్కుటకు ఎంత అనుకూలమో మనము చూచి నేర్వదగినది. కాని రహదారి లేని గూడెములనుండి ప్రసవవేదన పడు స్త్రీలను డోలీ కట్టి మోసికొని వచ్చిన వార్తలను నేటికిని పత్రికలలో చదువుచున్నాము. కొండదారి మనకు ఆరోగ్యము. వారిలో కొందఱికి ప్రాణగండము. అచటికి పోయినవారు వారిని వింతగా చూచి ఛాయాచిత్రములు తీయుట మాని, నమస్కరించి, వారి సంతలో నాలుగు వస్తువులు గీచి బేరమాడక కొని రావలయును.

ఇక నడకకు వలయు ఏర్పాట్లు. కార్తీకమునుండి మాఘమువఱకు మా కొండలకు తగిన కాలము. చైత్రము వచ్చిన పిదప ఈ పొడిరాళ్లు పెనమువలె కాగును. తెల్లవారిన వెంటనే బయలుదేఱి, ఎండ ముదరకమునుపే దిగవలయును. ఒంటరిగా పోరాదు, నలుగురు మేలు. పోవు దారియు, వచ్చు వేళయు ఇంట చెప్పి పోవలయును. చెప్పులకంటె కాలిని పట్టియుండు బూట్లు మంచివి. చేతిలో ఒక కఱ్ఱ యుండవలయును. ఎక్కుట ఆయాసము, దిగుట మోకాళ్లకు బరువు. కావున దిగునప్పుడే నెమ్మదిగా, పొట్టియడుగులతో, కొంచెము అడ్డముగా దిగవలయును. అటుకులు, బెల్లము, వేరుసెనగలు, పులిహోర వంటివి మూటకట్టుకొనిన చాలును. చెమట మిక్కిలి పోసి నీరసించినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదారయు అర చెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపవలయును. చెంచా చిన్నది, కొలత తలకొట్టినట్లుండవలయును. పాము కఱచినయెడల గాయమును కోయుట, పీల్చుట, గట్టిగా కట్టుట చేయక, కఱచిన అవయవమును కదల్పక ఆసుపత్రికి చేర్చవలయును.

ఇచట వ్రాయుటకు సంకోచింపదగినదైనను వ్రాయక తప్పని సంగతి యొకటి. కొండదారులలో స్త్రీలకు మఱుగుదొడ్లు లేవు. అందుచేత మనవారు ఇంటినుండి బయలుదేఱినది మొదలు నీరు త్రాగుట మానుదురు. ఎండలో నీరు త్రాగక నడచుట మిక్కిలి ప్రమాదము. మూత్రరోగములకును అది మూలము. బయలుదేఱుటకు ముందును, కొండక్రింది చివరి వసతియొద్దను అవసరము తీర్చుకొని, నీరు మాత్రము మానక త్రాగవలయును. పోయినచోటనెల్ల మఱుగుదొడ్డి కావలయునని నోరు విడిచి యడుగవలయును. అడుగనివారికి అవసరమే లేదని లోకము తలంచును.

"ఇంత తీఱిక యెవరికి కలదు?" అని మీరనవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో చెప్పినదాని ప్రకారము పెద్దవారికి వారమునకు 150 నిమిషముల మితమైన శ్రమ వలయును. ఇంటిపనియంతయు శ్రమయే, అందు సందేహము లేదు. కాని ఆ శ్రమయంతయు వంగి, కూర్చుండి, పొయ్యి పొగలో చేయునది. తల యెత్తి, దూరముగా చూచుచు, ఊపిరి నిండ పీల్చుచు చేయు శ్రమ మనకు లేదు. మా యింట ఆదివారపు ఉదయమున కాఫీయు, ఉప్మాయు మా యింటివారే చేయుదురు. ఆయన ఉపాధ్యాయులగుటచే మొదట ఉప్పుకొలతను పాఠమువలె వ్రాసికొని నేర్చినారు. ఇందువలన సంసారము తలక్రిందులు కాలేదు.

పెద్దావిడగారి ప్రశ్నకు ఇపుడు బదులు చెప్పవలసియున్నది. దేవుడు లేని కొండకు పోయి మేము చేయునది పెద్దపని యేమియు కాదు. కొంతసేపు ఎవ్వరికిని వడ్డింపక, ఎవ్వరి పిలుపునకును పలుకక, మా కాళ్ల బలమును మేము తెలిసికొనుచున్నాము. మా యూరు ఎంతటిదో పైనుండి చూచుచున్నాము. ఇంకొక సంగతియు కలదు. పాదములు పడని దారి మూడు వానలకు కంప మూసికొనును. తరువాత అచట దారి యుండెనని చెప్పువారే యుండరు. రాతిగనియో, ప్రహరీగోడయో వచ్చినను అడుగువారుండరు. నడచువారున్న కొండకు కాపలా యున్నట్లే.

కావున సోదరీమణులారా, రాబోవు కార్తీకమున వనభోజనములకు ఎట్లును బయలుదేఱుదురు కదా! ఉసిరిచెట్టుక్రింద విస్తరి వేయుటకు ముందు, ఆ తోటవెనుకనున్న కొండను అరగంటసేపు ఎక్కి చూడుడు. పొరుగింటావిడను పిలుచుకొనుడు, ఆడపిల్లను తప్పక వెంటబెట్టుకొనుడు. ప్లాస్టికు సంచి యేదియు అచట విడువక తెచ్చుకొనుడు. మొదటిమారు సగము దారినే తిరిగివచ్చినను చింత లేదు. కొండ ఎక్కడికిని పోదు; రెండవ ఆదివారము మరల పోవచ్చును.